ఎల్లారెడ్డి పెట్టెలోని మూడు గడియారములు

కామారెడ్డి రైలుస్టేషనులో దిగి ఊరిలోనికి వచ్చువారికి మొదట కన్పడునవి బండ్ల సందడి, బట్టల దుకాణములు, సెల్‌ఫోను అంగళ్లు. 2016 అక్టోబరులో క్రొత్త జిల్లాకు ముఖ్యపట్టణమైనది మొదలు ఈ సందడి మఱింత హెచ్చినది. ఐనను ఆ అంగళ్ల నడుమ చిన్న గాజుపెట్టె ముందిడుకొని, కంటికి భూతద్దము తగిలించుకొని, తలవంచి పనిచేయు గడియారపు మేస్త్రీలు నేటికిని ఒకరిద్దఱు కలరు. వారి యొద్దకు వచ్చువారిలో అధికులు సెల్లు మార్పించుకొనువారే. చావి యిచ్చు గడియారములు తెచ్చువారు అరుదు.

ఆ అరుదైనవారిలో ఇటీవల మేమును చేరితిమి. మా చిన్నమామగారు ఎల్లారెడ్డిలో చిరకాలము ఉపాధ్యాయులుగా నుండి నిరుడు కాలము చేసిరి. వారి పెట్టెలో మూడు చేతిగడియారములు మిగిలినవి. కుమారులకు వానితో పనిలేదు. వారికి ఫోనే గడియారము. పాతసామానులు కొను వర్తకుడొకడు మూడింటికిని కలిపి 1,000 రూపాయలిత్తునని చెప్పిపోయెను. మనుమరాలి కళాశాల రుసుమునకు రొక్కము కావలసియున్నందున చిన్నత్తమ్మగారు ఇచ్చివేయ దలచి, దానికి ముందు మాకు కబురంపిరి.

కామారెడ్డినుండి ఎల్లారెడ్డికి బస్సు లింగంపేట మీదుగా పోవును. లింగంపేటలో నాగన్నబావి యను పురాతనమైన మెట్లబావి కలదు. చెత్తతో పూడి పాడుపడియున్న యా బావిని ఇటీవలి సంవత్సరములలో పూడిక తీసి, రాతికట్టడమును సరిచేసిరి. పాతదానిని బాగుచేయుట వేఱు, పాతదానికి క్రొత్తరంగు పూయుట వేఱు. ఈ భేదము మాకు మఱునాడే పనికివచ్చినది. లింగంపేట దాటి మఱికొంత దూరము పోయిన ఎల్లారెడ్డి. 1923 మొదలు 1931 వఱకు మంజీరానదిపై కట్టిన నిజాంసాగరము ఈ ప్రాంతముననే యున్నది.

చిన్నత్తమ్మగారు గడియారములను గుడ్డలో చుట్టి నా ఒడిలో పెట్టి, “ఇవి నేనేం జేసుకోను బిడ్డా? పనికొస్తె తీస్కపోండ్రి. మీ దగ్గర పైసలు తీస్కుంటనా?” అనిరి. రుసుమునకు సొమ్ము వెదకుకొనుచున్న యింటినుండి ఆప్యాయతపేర ఉచితముగా వస్తువు తెచ్చుకొనుట నా మనస్సునకు సరిపడలేదు. ముందు మేస్త్రీకి చూపించి, పిమ్మట వెల నిర్ణయింతమని చెప్పి, మూడింటిని కామారెడ్డికి తెచ్చితిమి.

మొదటిది హెచ్.ఎమ్.టి. వారి జనతా. ఈ సంస్థవారు 1961లో జపాను దేశపు సిటిజన్ సంస్థ సాయమున బెంగుళూరులో గడియారముల కర్మాగారము నెలకొల్పిరి. మన యిండ్లలో పెండ్లికొడుకునకును, ఉద్యోగము విరమించువారికిని ఈ గడియారమునే బహూకరించుట ఒక తరమువారి వాడుక. 2016లో కేంద్రప్రభుత్వము ఆ గడియారముల సంస్థను మూసివేయుటకు నిర్ణయించినది. మేస్త్రీ వెనుకమూత విప్పి మాకును చూపెను. అరుగుదలను తట్టుకొనుటకై లోపల 17 రాళ్లు. వెండ్రుకవంటి స్ప్రింగుతో అటునిటు నూగు చక్రమొకటి. ఆ చక్రము గంటకు 18,000 మాఱులు ఊగును. మన విఘడియ 24 సెకండ్లు గదా. ఒక్క విఘడియలో 120 ఊపులు. దినమునకు లెక్కించిన 4,32,000. కలియుగమునకు పెద్దలు చెప్పిన సంవత్సరముల సంఖ్యయు నిదియే! ఇది కాకతాళీయమే యైనను, లెక్క తేలినప్పుడు నాకు నవ్వు వచ్చినది.

“నడుచుచున్నది గదా, మరమ్మతు ఎందుకు?” అని మా వారు ప్రశ్నించిరి. నడచుటయే ప్రమాదమని మేస్త్రీ చెప్పెను. లోపలి నూనె కొన్నేండ్లకు ఎండిపోవును. ఎండిన పిమ్మటను చావి యిచ్చి నడిపించినచో ఇరుసులు అరగిపోవును. కావున సోదరీమణులారా, “బాగుగా నడుచును” అను అమ్మకందారు మాటను నమ్మి కొనకుడు. నూనె యెప్పుడు వేయించిరో అడుగుడు, మూత మీ యెదుటనే విప్పింపుడు. శుభ్రపఱచి నూనె వేయుటకు మేస్త్రీ 700 రూపాయలడిగెను. ఆ సొమ్మునకు క్రొత్త సెల్లు గడియారమే వచ్చును. మీదుమిక్కిలి నాలుగైదేండ్లకొకసారి ఈ వ్యయము తప్పదు. కేవలము వేళ తెలిసికొనుటకైనచో ఇది నష్టపు బేరమే.

రెండవది ఫేవర్ ల్యూబా. స్విట్జర్లాండువారి ఈ సంస్థకు 1865 నుండియే బొంబాయితో వ్యాపారసంబంధము కలదు. పేరు చూచి మా వారు ముచ్చటపడిరి. గుల్ల గీతలుపడి వన్నెతగ్గినను ముఖము మాత్రము నిన్న పూసినట్లు నిగనిగలాడుచున్నది. నిమిషపు గీతలు అంకెలకు సూటిగా లేవు. అక్షరముల అంచులు చెదరియున్నవి. మూత తీయగా లోపలి యంత్రము వేఱొక సంస్థది. ముఖములకు రంగువేసి, దొరికిన భాగములు కూర్చి, గొప్ప పేరు తగిలించి అమ్ముట గడియారపు వ్యాపారమున నున్నదే. చిన్నమామగారు తెలియక కొనియుందురు. దానికి మరమ్మతు చేయించుట వృథాయని విడిచితిమి.

మూడవదాని పేరు చెరిగిపోయినది. అంకెలమీద గోధుమవన్నె పూత కలదు. దానిని విప్పుటకు మేస్త్రీ ఒప్పుకొనలేదు. చీకటిలో వెలుగుటకై సుమారు 1960 వఱకు కొన్ని గడియారములకు రేడియము కలిపిన పూత వేసెడివారు. వెలుగు ఆఱినను రేడియము ఆఱదు. దాని శక్తి సగమగుటకు 1,600 సంవత్సరములు పట్టును. 1920 ప్రాంతమున అమెరికాలో ఆ పూత వేసిన కన్యలు, యజమానులు నేర్పినట్లు కుంచెమొనను పెదవులతో సన్నము చేసికొనుచు, దవడలెముకలు కుళ్లి మరణించిరి. వారి యభియోగముల మూలముననే కార్మికుల రక్షణకు శ్రద్ధ హెచ్చినది. ఇట్టి పాత గడియారము మీ యింట నున్నచో విప్పకుడు, పూతను గీకకుడు, బిడ్డల కాటవస్తువుగా నీయకుడు.

చిన్నత్తమ్మగారికి ఉన్నదున్నట్లు చెప్పితిమి. జనతాకు 1,500 రూపాయలు మేమిచ్చితిమి. మరమ్మతుతో కూడ 2,200 అయినది. అంగడి లెక్కలో ఎక్కువయే. కాని చిన్నమామగారి చేతినుండిన గడియారము అంగడిలో దొరకదు గదా. ఫేవర్ ల్యూబాను లోపలి సంగతి చెప్పియే వర్తకునకు 500 రూపాయల కమ్మిరి. మూడవది మూతగల డబ్బాలో అటకపై నున్నది. సొమ్ము చేతబెట్టినపుడు ఆమె రెండుమాఱులు వలదని, మూడవమాఱు కన్నులొత్తుకొని కొంగున ముడివేసికొనిరి.

నెలదినముల పిమ్మట ఫోనుచేసి, “బిడ్డా, గడియారం మంచిగ నడుస్తుందా? ఎనకవడుతలేదు గదా?” అని యడిగిరి. దినమునకొక నిమిషము వెనుకబడుచున్నదని చెప్పితిని. “మీ మామ ఐదు నిమిషాలు ముందు వెట్టుకుంటుండె, బస్సు తప్పద్దని” అనిరి. అప్పటినుండి మా వారు ప్రతి ఉదయము చావి యిచ్చునపుడు ముల్లును ఐదు నిమిషములు ముందునకు సరిచేయుచున్నారు. బడికి మాత్రము నడచియే పోవుచున్నారు.