నవాబు తోటలో దొరికిందన్న కంచు బిళ్ల

రండి, కుంపటి దగ్గరికి జరగండి. కలకత్తాలో చలి ఏపాటిదిలే అంటారు గానీ, హుగ్లీ గాలి తగిలే మా మెటియాబ్రుజ్‌లో జనవరి సాయంత్రాలు శాలువా లేనిదే గడవవు. ఇక్కడ తెలుగు కొంపలేమిటంటారా? పక్కనే గార్డెన్ రీచ్‌లో సౌత్ ఈస్టర్న్ రైల్వే ప్రధాన కార్యాలయం ఉంది. 2003లో ఈస్ట్ కోస్ట్ రైల్వేలో కలిసేదాకా వాల్తేరు డివిజన్ దీని కిందిదే. ఉద్యోగాలకని విశాఖ, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్లలో కొందరు ఇక్కడే ఉండిపోయారు.

ఈ పేటంతా కుట్టుమిషన్ల చప్పుడే. మాకు బట్టలు కుట్టే దర్జీ మాస్టారు ఒకరోజు గుడ్డపీలికలో చుట్టిన బిళ్ల ఒకటి తెచ్చారు. "భాయ్‌సాబ్, రోమ్ బాద్‌షాదట. నవాబు గారి తోట మట్టిలో దొరికిందట. అసలుదేనా?" అన్నారు. ఎంత అందమైన కథో చూడండి! అవధ్ పోగొట్టుకున్న నవాబు వాజిద్ అలీ షా 1856లో ఇక్కడికొచ్చి, భవనాలు కట్టి, జంతుశాల పెట్టి, 1887లో పోయేదాకా చిన్న లక్నోనే నిలబెట్టాడు. ఆయన సమాధి ఇక్కడి సిబ్తైనాబాద్ ఇమాంబాడాలోనే ఉంది. అలాంటి చోట ఏం దొరికిందన్నా నమ్మబుద్ధవుతుంది. అందుకే నాకు ముందు అనుమానం వచ్చింది బిళ్ల మీద కాదు, ఆ కథ మీద.

బిళ్ల మటుకు బాగానే ఉంది. బొమ్మ వైపు హేడ్రియన్ చక్రవర్తి తల, వెనక ఒక దేవత, అటూ ఇటూ ఎస్, సి అక్షరాలు. సెనేటు ఆజ్ఞతో వేసిందని ఆ రెండక్షరాల అర్థం, అవి రోమన్ కంచు నాణేల మీద తరచూ కనబడతాయి. ఒళ్లంతా పచ్చటి చిలుము. చాలామంది ఆ పచ్చదనం చూసే పడిపోతారు. కానీ చిలుమును ఆఖరున చూడాలి. నవసారం నీళ్లలో నానబెడితే కొత్త ఇత్తడికీ త్వరలోనే పచ్చరంగు వస్తుంది. రంగు పూసేవాళ్లూ ఉన్నారు. గోళ్లరంగు తుడిచే ద్రావకంలో దూది ముంచి అద్దితే ఆ పూత వదిలిపోతుంది. వందల ఏళ్లు మట్టిలో పండిన చిలుము అలా వదలదు. లోహంలోనే పుట్టి, ఎర్రటి పొర మీద పచ్చటి పొరగా గట్టిపడి ఉంటుంది.

మరి ముందు చూడాల్సిందేమిటి? అది ఎలా తయారయిందన్నది. రోమన్లు కాల్చిన బిళ్లను రెండు అచ్చుల మధ్య పెట్టి సమ్మెటతో కొట్టేవాళ్లు. మనకి దగ్గర్లో తారాతలాలో 1952లో మొదలైన అలీపూర్ టంకశాల ఉంది కదా, అక్కడ యంత్రం వేసే దెబ్బను రోమ్‌లో మనిషి చెయ్యి వేసేది. ఆ దెబ్బకి లోహం నలుదిక్కులా పాకుతుంది. అరిసె ముద్దను నొక్కితే చీలినట్టు అంచు ఒకటి రెండు చోట్ల చీలుతుంది. అక్షరాల పక్కలు నిటారుగా లేస్తాయి, ముద్ర కాస్త పక్కకి జరుగుతుంది. దొంగ బిళ్లల్లో ఎక్కువ భాగం మూసలో పోతపోసినవి. అసలు నాణెం మీద మూస తీసి లోహం పోస్తే రూపం వస్తుంది గానీ ఆ పదును రాదు. సబ్బు అరిగినట్టు మెత్తగా ఉంటుంది. భూతద్దంలో గాలిబుడగలు చేసిన సన్న గుంటలు కనబడతాయి. అంచు చుట్టూ మూస రెండు సగాలూ కలిసిన గీత ఉంటుంది, లేదా దాన్ని దాచడానికి రుద్దిన ఆకురాయి గీతలుంటాయి. ఒకే చోట ఒకే గుంట ఉన్న రెండు బిళ్లలు ఎదురైతే ఇక వాదనే అక్కర్లేదు.

మాస్టారి బిళ్ల అంచు మీద ఆకురాయి గీతలు చుట్టూ తిరిగాయి. కంసాలి కాటాలో తూస్తే 17 గ్రాములు. హేడ్రియన్ కాలపు పెద్ద కంచు నాణెం సెస్టర్షియస్ దాదాపు 25 గ్రాములుంటుంది. తూకం ఒక్కటే అయితే నేను తొందరపడను, చేతి పనిలో హెచ్చుతగ్గులు ఉండనే ఉంటాయి. అంచు, తూకం, మెత్తబడ్డ అక్షరాలు మూడూ ఒకే మాట చెప్పాయి. మాస్టారికి చెప్పేశాను. పెట్టిన డబ్బు పెద్ద మొత్తం కాదు గనుక ఆయన తల పంకించి, ఇంకో టీ తెప్పించారు.

అచ్చువేత ఉంటే చాలు, అసలుదేనని మాత్రం అనుకోకండి. పదహారో శతాబ్దంలో ఇటలీలోని పాదువాలో జొవాన్ని దా కావినో అనే శిల్పి కొత్తగా అచ్చులు చెక్కి, రోమన్ సెస్టర్షియస్‌ల పోలికతో బిళ్లలు కొట్టాడు. వాటిని ఇప్పటికీ పాదువా బిళ్లలనే అంటారు. అక్షరాలు మరీ తీర్చిదిద్దినట్టుంటాయి, బిళ్ల మరీ గుండ్రంగా ఉంటుంది. తర్వాత జర్మనీలో కార్ల్ విల్‌హెల్మ్ బెకర్ తన దొంగ నాణేలను ఇనుపరజనున్న పెట్టెలో వేసి, గుర్రపుబండి కింద కట్టి ఊళ్లు తిప్పేవాడు, కొత్త మెరుపు పోవాలని. ఇక మన దగ్గర, 1818 అని, ఈస్టిండియా కంపెనీ పేరు వేసి, వెనక హనుమంతుణ్ణో సీతారాముల్నో చెక్కిన బిళ్లలు తెలుగునాట ఎన్ని ఇళ్లలో ఉన్నాయో! బియ్యాన్ని లాగుతాయంటూ 'రైస్ పుల్లింగ్' పేరుతో లక్షలు గుంజుతున్నది ఇలాంటి వాటితోనే. కంపెనీ అలాంటి నాణేలు ఎన్నడూ వేయలేదు. ఈ మోసం గురించి చదివినప్పుడల్లా నా కడుపు రగులుతుంది.

మనవైపు రోమన్ నాణేలు నిజంగా దొరికాయా అంటారా? బోలెడు. నల్గొండ జిల్లా అక్కన్నపల్లిలో ఒక్క చోటే 1531 వెండి నాణేలు బయటపడ్డాయి, ఆగస్టస్, తిబేరియస్ చక్రవర్తుల కాలపువి. పరమేశ్వరీలాల్ గుప్తా 1965లో ఆంధ్రప్రదేశ్ రోమన్ నాణేల మీద ఒక పుస్తకమే వేశాడు. అయితే మన నేలలో దొరికేవి ఎక్కువగా బంగారం, వెండి. కంచు నాణేలు తమిళదేశంలో కరూర్, మదురై వైపు, సింహళంలో ఎక్కువ. అవీ క్రీ.శ. నాలుగో, ఐదో శతాబ్దాల నాటి చిన్న చిన్న అరిగిన బిళ్లలు. అందుకని గుంటూరు పొలంలో హేడ్రియన్ పెద్ద కంచు నాణేల కుండ దొరికిందని ఎవరన్నా అంటే నేను రెండుసార్లు అడుగుతాను.

ఇంకో చిక్కు ఉంది. అక్షరాలు తప్పుగా ఉంటే దొంగదేనని తేల్చేయకూడదు. రోమన్ బంగారు నాణేలకు మనవాళ్లు ఆ కాలంలోనే నకళ్లు చేసుకున్నారు. సంగారెడ్డి దగ్గరి కొండాపూర్ తవ్వకాల్లో తిబేరియస్ తల ముద్రించిన మట్టి బిళ్లలు దొరికాయి, మెడలో వేసుకునేవిగా. అవి నకళ్లే, కానీ దాదాపు రెండువేల ఏళ్ల నాటి నిజమైన నకళ్లు. వాటిని చూడడానికి నేను ఎంత దూరమైనా వెళతాను.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ మన నెల్లూరుది. పద్దెనిమిదో శతాబ్దం చివర ఒక రైతు నాగలి ఇటుకలకి తగిలింది. తవ్వితే చిన్న గుడి శిథిలం, దాని కింద కుండలో ట్రాజన్, హేడ్రియన్, ఫాస్టినాల బంగారు నాణేలు. పాత బంగారంగా అమ్మేస్తే కొన్ని కరిగిపోయాయి. కొన్నింటిని ఆర్కాటు నవాబు కొడుకు అమీరుల్ ఉమ్రా దక్కించుకున్నాడు. మద్రాసు గవర్నరుగా చేసిన డేవిడ్సన్ ఆ సంగతంతా ఉత్తరంగా రాస్తే, కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ తన 'ఏషియాటిక్ రీసెర్చెస్' రెండో సంపుటంలో అచ్చువేసింది. రైతు, నాగలి, గుడి, కుండ ఇవన్నీ కాగితం మీదికెక్కాయి గనుకే ఈనాడు ఆ నాణేల గురించి మాట్లాడుకోగలుగుతున్నాం. నవాబు తోట కథకీ దీనికీ ఉన్న తేడా అదే. ఆ తోటలో తవ్విందెవరో, ఏ గోడ కిందో, ఇంకేం దొరికిందో చెప్పేవాడే లేడు.

కాబట్టి మీ పోపులపెట్టెలోనో తాతగారి ట్రంకులోనో పచ్చటి బిళ్ల ఉంటే, దయచేసి చింతపండు పెట్టి తోమకండి. చిలుముతో పాటు అక్షరాలూ, సాక్ష్యమూ పోతాయి. అది ఏ పొలంలో, ఎప్పుడు, దేనితో కలిసి దొరికిందో పెద్దవాళ్లు ఉండగానే అడిగి రాసిపెట్టుకోండి. కొత్తగా భూమిలో దొరికితే 1878 నాటి నిధుల చట్టం ప్రకారం కలెక్టరుకి తెలియజేయాలి, పది రూపాయల విలువ దాటితే చాలు. మ్యూజియానికి తీసుకెళ్లేటప్పుడు మెత్తని కాగితంలో విడిగా చుట్టండి, మిగతా చిల్లరతో కలపకండి. తూకం తులాల్లో కాదు, గ్రాముల్లో రాయండి.