ఎస్‌డీ 2100కు వచ్చిన పేరు

బంగారం వెతికే మెటల్ డిటెక్టర్లలో కొన్నింటికి తయారీ ఆగిపోయాకే గిరాకీ పెరుగుతుంది. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో మేరీబరో, డనోలీ, వెడర్‌బర్న్ ఊళ్ల చుట్టూ అడవుల్లో తిరిగేవాళ్లను అడిగితే మైన్‌ల్యాబ్ ఎస్‌డీ 2100 పేరు తప్పకుండా వస్తుంది. దానికి తెర లేదు, మెనూలు లేవు. కొన్ని నాబ్‌లు, స్విచ్‌లు, ఒక కాయిల్, చెవులకు హెడ్‌ఫోన్లు. బరువైన ఆరు వోల్టుల లెడ్ బ్యాటరీని వీపున సంచిలో మోయాలి. అక్కడి నుంచి మెలికలు తిరిగిన వైరు చేతిలోని యంత్రానికి వస్తుంది. చెట్ల కొమ్మలకు ఆ వైరు తగులుకోకుండా నడవడమే ఒక విద్య. కొత్త మోడళ్లు ఇంతకంటే తేలిక, ఇంతకంటే చురుకు. అయినా పాతది అమ్మకానికి వచ్చిందంటే సాయంత్రానికల్లా ఎవరో ఒకరు ఎత్తుకుపోతారు.

నేను పత్తికొండ వైపు పుట్టినవాణ్ని. తొలకరి చినుకు పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలల్లోకి జనం వజ్రాల కోసం దిగడం చూస్తూ పెరిగాను. పిల్లాజెల్లాతో వచ్చి, చెట్ల కింద వండుకుని, తలవంచుకుని రోజంతా నేలనే చూస్తూ నడిచేవాళ్లు. మెల్‌బోర్న్ వచ్చాక, రెండు వందల కిలోమీటర్ల లోపే అలాంటి నేల ఒకటి ఉందని తెలిస్తే ఆగగలనా? ఇక్కడ దీనికి ‘మైనర్స్ రైట్’ అనే కాగితం ఉంటుంది. 1854లో బాలరాట్‌లో గనివాళ్లు లైసెన్సు రుసుముల మీద తిరగబడి యురేకా దగ్గర ప్రాణాలు పోగొట్టుకున్నాక, మరుసటి ఏడాది పుట్టిన హక్కు అది. ఇప్పుడు కొద్ది డాలర్లు కడితే పదేళ్లు చెల్లుతుంది. అనుమతి ఉన్న చోట చేతి పనిముట్లతో తవ్వుకుని, దొరికిన బంగారం ఉంచుకోవచ్చు.

ఈ సంగతి ఫోనులో చెబితే మా నాయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “ఏం రా, గుప్తనిధులేమన్నా తవ్వుతాండావా?” అన్నాడు. ఆయన తప్పు లేదు. మన దగ్గర మెటల్ డిటెక్టర్ అనే మాట పేపర్లో కనిపించేది గుడి వెనకాల అర్ధరాత్రి దొరికిపోయిన ముఠాల వార్తల్లోనే. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన నిధి దొరికితే కలెక్టరుకు చెప్పి తీరాలి. ఇక్కడ పట్టపగలు, ముసలివాళ్లు, రిటైరైన టీచర్లు, భార్యాభర్తలు ఈ పని చేస్తారని ఆయనకు నచ్చజెప్పడానికి చాలా సేపు పట్టింది. పూర్తిగా నమ్మాడని ఇప్పటికీ అనుకోను.

ఎస్‌డీ వరుసకు అంత పేరు ఎందుకొచ్చిందో అర్థం కావాలంటే ఇక్కడి మట్టి గురించి చెప్పాలి. విక్టోరియా బంగారు నేల ఎర్రనిది, ఇనుముతో నిండినది. పలుగు రాళ్ల లోంచి లక్షల ఏళ్లలో విడిపోయిన బంగారు ముద్దలు ఆ బంకమట్టిలో, ఇనుపరాళ్ల మధ్య పడి ఉంటాయి. పాతరకం డిటెక్టర్లు ఎడతెగకుండా ఒక తరంగాన్ని పంపుతూ, తిరిగొచ్చిన దానిలో తేడా వినేవి. ఇనుము నిండిన నేల మీద మట్టే అరుస్తుంది, ఇనుపరాయి అరుస్తుంది. ఆ గోలలో బంగారం మాట వినిపించదు. 1985లో అడిలైడ్‌లో మొదలైన మైన్‌ల్యాబ్‌లో బ్రూస్ క్యాండీ అనే శాస్త్రజ్ఞుడు వేరే దారి పట్టాడు. కాయిల్ నేలలోకి ఒక పల్సు పంపి టక్కున ఆపేస్తుంది, ఆపిన మరుక్షణం వింటుంది. లోహంలో పుట్టిన సుడి ప్రవాహాలు వెంటనే ఆరిపోవు. సెకనులో పది లక్షల వంతుల లెక్కన అవి మెల్లగా తగ్గుతాయి. నేలలోని ఇనుము తగ్గే తీరు వేరు, బంగారం తగ్గే తీరు వేరు. పొడుగు పల్సులు, పొట్టి పల్సులు మార్చి మార్చి పంపి, రెండింటినీ పోల్చి, మట్టి గొంతును తీసేస్తే మిగిలేది లోహం గొంతు. 1995లో వచ్చిన ఎస్‌డీ 2000 చేసింది ఇదే. 2100 దాని తర్వాతిది.

2100లో మట్టి గొంతు తీసేసే పని మనమే చెయ్యాలి. కాయిల్‌ను నేల మీదికి దించుతూ ఎత్తుతూ, చెవిలో మోగే సన్నని హోరు చెదరకుండా నిలిచే వరకు నాబ్ తిప్పాలి. పది అడుగులు వేస్తే మట్టి మారుతుంది, మళ్లీ తిప్పాలి. తర్వాతి మోడళ్లు ఇది తమంతట తామే చేసుకుంటాయి. చిత్రమేమిటంటే 2100ను కోరేవాళ్లు ఇదే దాని గొప్ప అంటారు. వాళ్ల మాటలో కొంత నిజముంది. నాబ్ తిప్పితిప్పి నేల ఎక్కడ మారుతోందో చేతికి తెలుస్తుంది. బంగారం తరచు ఉండేది ఆ మారే చోట్లే. కానీ ఆ ఒక్క గుణానికే జనం ఇంతగా ఎగబడతారా అన్న అనుమానం నాకు మొదటి నుంచీ ఉంది.

మా బావ కంప్యూటర్ల మనిషి. “పాత యంత్రానికి ఇంత పెడుతున్నావు, ఇంకొంచెం వేసుకుంటే కొత్తది రాదా బావా?” అనేవాడు. “రాదు, కొత్తది ఇంకా వేలల్లో ఉంది” అనేవాణ్ని. వెతుకుతూ పోతే తెలిసింది, తయారీ ఆగిన యంత్రాలన్నీ ఒక జాతి కావని. అమెరికాలో అరిజోనా రాష్ట్రం ప్రెస్కాట్‌లో టెసోరో అనే చిన్న సంస్థ ఉండేది. దాని లోబో సూపర్‌ట్రాక్ అక్కడి బంగారం వెతికేవాళ్లకు ప్రాణం. జీవితాంతం వారంటీ ఇచ్చేవాళ్లు. 2018లో సంస్థే మూతపడింది, వారంటీ కూడా దాంతోనే పోయింది. ఒరెగాన్‌లో వైట్స్ ఎలక్ట్రానిక్స్‌ను 2020లో మూసేశారు. దాని సాంకేతికతను గరెట్ అనే మరో డిటెక్టర్ల కంపెనీ కొనుక్కుంది. వైట్స్ చేసిన టీడీఐ డిటెక్టర్ కోసం ఇప్పటికీ వెతికేవాళ్లున్నారు. ఆ యంత్రాలు అనాథలు. ఎస్‌డీ అలా కాదు. కన్నవాళ్లు బతికే ఉన్నారు, తర్వాతి సంతానం మీద దృష్టి పెట్టి దీన్ని వదిలేశారు. కొనేవాడికి ఈ తేడా ముఖ్యం. విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంటుంది.

ఇంకో తలనొప్పి నకిలీలు. ఎస్‌డీ జోలికి పెద్దగా ఎవరూ పోలేదు కానీ, దాని తర్వాత వచ్చిన జీపీఎక్స్ వరుసకు చైనాలో అచ్చుగుద్దినట్టు నకళ్లు తయారై ఆఫ్రికా బంగారు నేలల్లో అమ్ముడయ్యాయి. మైన్‌ల్యాబ్‌ను 2008లో కొన్న కోడన్ సంస్థ అధికారి ఒకరు చైనా వెళ్లినప్పుడు, హోటల్ వైఫై ద్వారా ఆయన ల్యాప్‌టాప్‌లోకి చొరబడి డిజైన్లు ఎత్తుకుపోయారని ఆ సంస్థే చెప్పుకుంది. నకిలీల పోటీకి అసలు యంత్రాల ధరలు తగ్గించాల్సి వచ్చింది. సెకండ్‌హ్యాండ్‌లో జీపీఎక్స్ కొనేవాడు డబ్బు చేతులు మారకముందే సీరియల్ నంబరు కంపెనీతో సరిచూసుకోవడం అందుకే.

చివరకు నాకు 2100 దొరికింది మేరీబరో దాటాక ఒక ముసలాయన దగ్గర. మోకాళ్లు సహకరించడం లేదని అమ్ముతున్నాడు. ధర అడిగాను. ఆయన జవాబు చెప్పకుండా, ఏ నేల మీద వాడతావని అడిగాడు. చెప్పాను. నవ్వాడు. ఆ గట్టంతా తొంభైల్లోనే తాను, తనలాంటివాళ్లు దువ్వేశామన్నాడు. ఇంటి వెనక్కి తీసుకెళ్లి ఎర్రమట్టిలో చిన్న సీసపు గుండు పాతిపెట్టి, హెడ్‌ఫోన్లు నా చెవులకు తగిలించాడు. హోరు ఒక చోట కొంచెం పైకి లేచి పడిపోయింది. మామూలు చెవికి అది శబ్దమే కాదు. ఊపిరి బిగబట్టి విన్నవాడికే వినిపిస్తుంది. సీసం, బంగారం దాదాపు ఒకేలా పలుకుతాయట. అందుకే ఈ అడవుల్లో ఎక్కువగా తవ్వి తీసేది వేటగాళ్ల తుపాకీ గుళ్లనే.

తర్వాత ఆయన చెప్పిన మాట నేను కొన్న యంత్రం కన్నా విలువైనది. ఈ యంత్రానికి ఇంత పేరొచ్చింది దీని గొప్పతనం వల్ల మాత్రమే కాదన్నాడు. “ఈ ఎస్‌డీ వరుస వచ్చిన రోజు ఈ నేల లోతుల్ని విన్న యంత్రమే లేదు. అంతకుముందు అందరూ పైపైనే విని, ఏమీ లేదని వెళ్లిపోయిన గట్ల మీద మేం దీన్ని ఆడించాం. తవ్విన చోటల్లా దొరికింది. అదే గట్టు మీద ఇప్పుడు ఇదే యంత్రం ఆడించు, తుపాకీ గుళ్లు దొరుకుతాయి.” ఇంత చెప్పి ఆయన ధర తగ్గించలేదు. అది కూడా నాకు నచ్చింది.

తిరిగొస్తూ దారిలో మోలియాగుల్ దగ్గర కారు ఆపాను. అక్కడ వెల్‌కమ్ స్ట్రేంజర్ గుర్తుగా స్తంభం ఉంది. 1869 ఫిబ్రవరి 5న జాన్ డీసన్, రిచర్డ్ ఓట్స్ అనే ఇద్దరికి దొరికిన బంగారు ముద్ద అది. దాదాపు 72 కిలోలు. చెట్టు వేళ్ల దగ్గర, నేలకు అంగుళం లోతులో. డనోలీలో దాన్ని తూచే త్రాసు లేక ముక్కలు కొట్టారు. యంత్రం లేదు, చేతి పనిముట్టు తప్ప. అక్కడికి దగ్గర్లోనే కింగోవర్ వద్ద 1980లో కెవిన్ హిల్లియర్‌కు హ్యాండ్ ఆఫ్ ఫెయిత్ అనే ముద్ద దొరికింది. 27 కిలోల పైచిలుకు. గరెట్ డిటెక్టర్‌తో దొరికినవాటిలో ఇంతకు మించిన పేరు దేనికీ రాలేదు. లాస్‌వేగస్‌లోని గోల్డెన్ నగెట్ కాసినో పది లక్షల డాలర్ల పైచిలుకు పెట్టి కొనుక్కుంది. ఆ తర్వాత ఆ తరం గరెట్ యంత్రాలకు వచ్చిన మోజు అంతా ఇంతా కాదు. ఇప్పటి లెక్కల్లో అది లోతు వినని సాదా యంత్రం. అది ఆడిన చోట అప్పటికి ఇంకెవరూ అంతగా ఆడించలేదు, అంతే. చేతి పనిముట్టుకు 1869లో, గరెట్‌కు 1980లో, ఎస్‌డీకి 1995లో దక్కింది ఒకటే, విననివాళ్లు వదిలేసిన నేల. ఆ నేల కూడా యంత్రంతో పాటు అమ్మకానికి వస్తుందని కొనేవాళ్లకు ఎక్కడో ఆశ ఉంటుంది. వజ్రం దొరికిన చేలోనే మరుసటి ఏడు ఎక్కువ మంది దిగడం మా తుగ్గలిలో చూశాను, అదీ ఇదే.

మనవాళ్లలో కొందరు ఇది వినగానే కోలార్ మాట ఎత్తుతారు. చిత్తూరు నుంచి వెళ్లి అక్కడ గనుల్లో చేసిన కుటుంబాలు చాలా ఉన్నాయి కాబట్టి సహజమే. కానీ 2001 ఫిబ్రవరి 28న మూతపడిన ఆ గనుల్లో బంగారం మూడు కిలోమీటర్ల లోతు దాకా పలుగు రాయిలో కంటికి ఆనకుండా కలిసి ఉండేది. డిటెక్టర్ వినేది ముద్దల్ని, అదీ అడుగుల లోతులో. అక్కడ ఎంత గొప్ప యంత్రానికైనా పని లేదు.

అయితే పాత ఎస్‌డీ కొనడం దండగేనా? కాదు. దానికి డబ్బు పెట్టదగిన గుణం ఒకటుంది, ఆ గుణం గురించి యంత్రాన్ని పొగిడేవాళ్లు తక్కువ మాట్లాడతారు. ఎస్‌డీకీ, దాని తర్వాతి జీపీకీ, పాత జీపీఎక్స్ యంత్రాలకూ ఒకే కాయిల్ కనెక్టరు. ఎవరు చేసిన కాయిల్ అయినా తగిలించుకోవచ్చు. మేరీబరోలోనే కాయిల్‌టెక్ అనే సంస్థ ఏళ్ల తరబడి వీటికి రకరకాల కాయిల్స్ చేస్తూ వచ్చింది. చిన్న గింజలకు చిన్న కాయిల్, లోతుకు పెద్దది. 2015లో జీపీజెడ్ 7000 వచ్చేసరికి కాయిల్‌లో చిప్ పెట్టారు. కంపెనీ ఒప్పుకున్న కాయిల్ కాకపోతే యంత్రం పలకదు. తర్వాత వచ్చిన జీపీఎక్స్ 6000 కూడా అంతే. పాత యంత్రం మూత విప్పితే టంకం పెట్టగలిగినవాడికి అర్థమవుతుంది. లెడ్ బ్యాటరీ బదులు లిథియం ప్యాక్, దానికి ఓ రెగ్యులేటర్ పెట్టుకుని సగం బరువు దించుకున్నవాళ్లు బోలెడంతమంది. బాగుచేయించుకోగలిగినంత కాలం అది వాడుకలో ఉంటుంది. నేను కొన్నది ఇందుకే. దాంతో దొరికిన గింజలు అరగ్రాముకు అటూఇటూ. మా ఆవిడ వాటిని చూసి, “ముక్కుపుడకకైనా వస్తాయా?” అని అడిగింది.

మెల్‌బోర్న్ చుట్టుపక్కల ఉన్న తెలుగువాళ్లెవరైనా ఈ దారి పడితే నా మాట ఇది. ముందు మైనర్స్ రైట్ తీసుకోండి, జాతీయ పార్కుల్లోకీ ఆదివాసుల పవిత్ర స్థలాల్లోకీ వెళ్లకండి, తవ్విన ప్రతి గుంతా పూడ్చండి. పాత డిటెక్టర్ కొనేటప్పుడు దాంతో ఎంత దొరికిందని అడగొద్దు. కాయిల్ ఎన్నేళ్లది, బ్యాటరీ మార్చారా, చుట్టుపక్కల దాన్ని బాగుచేసేవాడు ఇంకా ఉన్నాడా అని అడగండి. జేబులో చిన్న సీసపు గుండు పెట్టుకు వెళ్లండి. అమ్మేవాడు దాన్ని ఎర్రమట్టిలో పాతి ఎదురుగా వినిపించనంటే, టీ తాగి వచ్చేయండి.