“ఎలా ఉండేది?” అని అడిగే శాస్త్రం

మనిషిని ప్రశ్నించడానికి రెండు మార్గాలున్నాయి. “ఎందుకు జరిగింది?” అన్నది మొదటిది. “నీకు ఎలా ఉండేది?” అన్నది రెండవది. మొదటి ప్రశ్నకు సమాధానం దస్తరాలలోనూ, పత్రికలలోనూ, గణాంకాల పట్టికలలోనూ దొరకవచ్చు. రెండవదానికి సమాధానం చెప్పగలవాడు ఆ అనుభవాన్ని పొందినవాడు ఒక్కడే. అతడు కన్నుమూస్తే ఆ సమాధానమూ అతనితోనే పోతుంది.

మా నాన్నగారు హుగ్లీ తీరాన బడ్జ్ బడ్జ్‌లో ఒక జూట్ మిల్లులో మగ్గం నడిపేవారు. శ్రీకాకుళం, విశాఖ, గంజాం ప్రాంతాల నుంచి తరతరాలుగా ఎందరో ఆ మిల్లులకు వలస వెళ్లారు. నెలనెలా మనియార్డరు వచ్చేది. కింది చీటీలో “నేను క్షేమం” అన్న రెండు మాటలుండేవి. నా పన్నెండవ ఏట ఆయన కాలం చేశారు. ఆయన జీవితంలో మాకు మిగిలినవి ఆ అంకె, ఆ రెండు మాటలు. వాటి వెనుక గడచిన రోజులు ఎలాంటివో తెలుసుకోవాలన్న తపనే నన్ను ఫినామినాలజీ అనే శాస్త్రం వైపు నడిపించింది.

పేరు బరువైనదే కాని, భావం సరళమైనది. అనుభవం మనిషికి ఏ రూపంలో గోచరిస్తుందో, ఆ రూపాన్ని ఉన్నది ఉన్నట్లు వర్ణించడమే దాని లక్ష్యం. గణితశాస్త్రం చదివి తత్త్వశాస్త్రంలోకి వచ్చిన జర్మన్ పండితుడు ఎడ్మండ్ హుస్సెర్ల్ 1900–1901లో ప్రకటించిన గ్రంథంతో దీనికి పునాది వేశాడు. మనకు ముందే తెలుసుననుకొన్న సిద్ధాంతాలను, కారణాలను కొంతసేపు పక్కన ఉంచమన్నాడు. వాటిని త్రోసిపుచ్చమనలేదు. తీర్పును వాయిదా వేసి, ముందు చూడమన్నాడు. ఫ్రాన్సులో మెర్లో పాంటీ 1945లో మరొక అడుగు వేసి, లోకాన్ని మనం బుద్ధితో మాత్రమే కాక దేహంతోనూ ఎరుగుతామని వివరించాడు. అంధుని చేతికర్ర అతనికి వస్తువుగా తోచదు. అతని స్పర్శ ఆ కర్ర కొసదాకా సాగుతుంది.

ఈ తత్త్వాన్ని పరిశోధన పద్ధతిగా మలచినవారిలో అమెరికా మనస్తత్త్వవేత్త అమెడియో జియోర్జీ, 1990లో ఈ విషయమై ప్రసిద్ధ గ్రంథం వెలువరించిన కెనడా ఆచార్యుడు మాక్స్ వాన్ మానెన్ ముఖ్యులు. మన దేశానికీ ఇందులో భాగముంది. కలకత్తా విశ్వవిద్యాలయంలో బోధించిన జితేంద్రనాథ్ మొహంతి హుస్సెర్ల్ అర్థ సిద్ధాంతంపై 1964లో రచించిన గ్రంథం అంతర్జాతీయ ఖ్యాతి పొందింది.

ఈ పద్ధతి ఆవశ్యకతను బడ్జ్ బడ్జ్ చరిత్రే చాటుతుంది. 1914 మే 23న కోమగాట మారు అనే జపాను నౌక 376 మంది ప్రయాణికులతో కెనడాలోని వాంకూవర్ చేరింది. వారిలో అత్యధికులు పంజాబీలు. కొద్దిమందిని తప్ప ఎవరినీ దిగనివ్వలేదు. తీరం కళ్లెదుటే ఉండగా రెండు నెలలు నౌకలోనే గడిపి, జూలై 23న వారు వెనుదిరిగారు. సెప్టెంబరు 29న బడ్జ్ బడ్జ్‌లో దిగినవారిని ప్రభుత్వం రైలెక్కించి పంజాబుకు పంపబూనింది. ఘర్షణ చెలరేగి, కాల్పులలో సుమారు ఇరవై మంది మరణించారు. తేదీలు, సంఖ్యలు మనకు తెలుసు. కాని, అడుగు పెట్టనివ్వని నేలను అరవై ఉదయాలు చూస్తూ మేల్కోవడం ఎలా ఉంటుందో ఏ అంకె చెప్పగలదు?

నేను బడ్జ్ బడ్జ్ వెళ్లి, ఎన్నో ఏళ్లు మగ్గం నడిపిన మన ప్రాంతపు వృద్ధుని కలుసుకొన్నాను. సమ్మెలు, జీతాలు, లాకౌట్ల గురించి చదివినదంతా పక్కన ఉంచి, “మిల్లుకు తాళం పడిన మర్నాడు ఎలా గడిచింది, తాతా?” అని మాత్రం అడిగాను. ఆయన చాలాసేపు మౌనంగా ఉన్నాడు. ఈ పద్ధతిలో ఆ మౌనాన్ని మరో ప్రశ్నతో పూడ్చరాదు.

“మిల్లు కూత ఆగిపోనాది గానీ, నా మెలకువ ఆగనేదు బాబూ,” అన్నాడు చివరికి. “చీకటుండగానే లేచి కూకున్నాను. ఎందుకు లేచానో తెల్దు. మగ్గాల చప్పుడులో అరిచి అరిచి అలవాటైపోనాది కదా, ఇంట్లోనూ అరిచే మాటాడేవోణ్ణి. ఆవేళ మా ఆడది, ‘నెమ్మదిగా మాటాడు, ఇప్పుడు చప్పుడు నేదు కదా’ అంది. అప్పుడు తెలిసింది బాబూ, మిల్లు మూసేసినారని.”

తాళం పడినది నిన్న. ఆ సంగతి ఆయనకు ‘తెలిసింది’ ఈవేళ. పని పోవడం అంటే కూలి పోవడం మాత్రమే కాదు. దేహంలో స్థిరపడిన కాలం, గొంతులో స్థిరపడిన స్థాయి ఒక్కసారిగా నిరర్థకం కావడం. ఇది ఏ నివేదికలోనూ నాకు కనిపించలేదు.

పరిశోధకుని పని ఇక్కడితో ముగియదు. చెప్పిన మాటలను అక్షరం పోకుండా వ్రాసుకొని, మొత్తం పలుమార్లు చదివి, అర్థం మారిన చోటల్లా విడదీసి, ఇతరుల కథనాలతో పోల్చి, అన్నింటా నిలిచే సారాన్ని పట్టుకోవాలి. ఎందరికి పని పోయిందో, ఎందువల్ల పోయిందో ఈ పద్ధతి చెప్పలేదు. అందుకు లెక్కలే కావాలి. అయితే లెక్కలోని ప్రతి ఒకటీ ఒక మనిషి అన్న ఎరుకను ఇది నిలుపుతుంది.

మా నాన్నగారి గొంతు నాకు బాగా జ్ఞాపకం. సెలవులకు వచ్చినప్పుడు ఆయన పెద్దగా మాట్లాడేవారు. కోపిష్టి అని ఊరివారు అనుకొనేవారు. అది కోపం కాదనీ, వందల మగ్గాల మధ్య తన మాట వినిపించడానికి అలవడిన స్వరమనీ ఆ వృద్ధుని మాటల వల్ల నాకు బోధపడింది.

మీ ఇంట్లోనూ ఒక పెద్దవారుంటారు. ఏ గనిలోనో, రేవులోనో, వంటింట్లోనో జీవితం గడిపి ఉంటారు. వారిని “ఎలా ఉండేది?” అని ఒక్కసారి అడగండి. తరువాత తొందరపడక, చెవి ఒగ్గి కూర్చోండి.