సూది బెజ్జం, కంటి వైద్యం

సూది బెజ్జంలో దారం ఎక్కించడం చిన్న పనిగా కనిపించినా, దగ్గరి వస్తువును స్పష్టంగా చూపే కటకం, రెండు కళ్లూ కలిసి పనిచేసినప్పుడే చక్కగా అందే లోతు గ్రహింపు, స్పర్శ తెలిసే వేలికొనలు, వణకని చెయ్యి ఆ ఒక్క క్షణంలో దానికి కావాలి. అందుచేత దారం ఎక్కడం లేదని రోగి చెప్పినప్పుడు ఆ మాటను ముసలితనపు ఫిర్యాదుగా వదిలేయకుండా, ఈ నాలుగింటిలో ఏది తగ్గిందో వెతకడం వైద్యుని విధి.

ఈ బాధతో వచ్చేవారిలో ఎక్కువమంది నలభై దాటిన దర్జీలు, మగ్గం పని చేసేవారు, ఇంట్లో జాకెట్లకు హుక్కులు కుట్టుకునే స్త్రీలు. వారిలో సాధారణంగా కనిపించే కారణం చత్వారం, అంటే వయసుతో కంటిలోని కటకం సాగే గుణాన్ని కోల్పోయి, దగ్గరి చూపుకు అవసరమైనంత ఉబ్బలేకపోవడం. కాంతిని వంచే శక్తిని డయాప్టర్లలో కొలుస్తారు. 40 సెంటీమీటర్ల దూరంలోని పుస్తకం చదవడానికి 2.5 డయాప్టర్లు చాలితే, 25 సెంటీమీటర్ల దగ్గర పట్టుకున్న సూదిని చూడటానికి 4 కావాలి. అద్దాలు పనిచేయడం లేదని మళ్లీ మళ్లీ వచ్చిన ఒక దర్జీ చేతికి సూదీదారం ఇచ్చి చూసినప్పుడుగాని తెలియలేదు, అద్దాలను చదివే దూరానికి కొలిచారని, అతని పని అంతకంటే దగ్గరలో జరుగుతుందని. దగ్గరి చూపు అద్దాలు బతుకుతెరువుకు ఎంత అవసరమో అస్సాం తేయాకు తోటల పరిశోధన చూపింది: 40 దాటిన 751 మంది కార్మికులపై జరిగి 2018లో వెలువడిన ఆ అధ్యయనంలో, అద్దాలు పొందినవారి ఆకు కోత పొందనివారికంటే 20 శాతానికి పైగా ఎక్కువగా పెరిగింది.

అద్దాలతో పాటు కొన్ని సులువైన పద్ధతులున్నాయి. వెలుతురు భుజం మీదుగా సూదిపై పడితే కంటిపాప చిన్నదై, స్పష్టంగా కనిపించే దూరాల పరిధి పెరుగుతుంది. సూది వెనుక తెల్ల కాగితం పెడితే బెజ్జం తేటగా కనిపిస్తుంది, తెల్లదారమైతే నల్లగుడ్డ మేలు. దారాన్ని పదునైన కత్తెరతో ఏటవాలుగా కత్తిరించాలి, ఒకవైపునుంచి ఎక్కకపోతే సూదిని తిప్పి చూడాలి. వీటన్నిటికంటే మేలైనది చూపుపై కాక స్పర్శపై ఆధారపడే పద్ధతి: దారాన్ని సూదిపై బిగువుగా మడిచి, ఆ మడతను బొటనవేలూ చూపుడువేలూ మధ్య గట్టిగా నొక్కి పట్టి సూదిని బయటికి లాగి, వేళ్ల మధ్య మిగిలిన ఆ మడతపైకి బెజ్జాన్ని ఒత్తాలి. కుట్టుసామాను దుకాణాల్లో చవకగా దొరికే సన్నతీగ ఉచ్చు, పైన చీలిక ఉండి దారాన్ని నొక్కితే చాలే సూదులు కూడా ఉపయోగకరమైనవే.

అన్ని సందర్భాల్లోనూ ఈ ఉపాయాలు సరిపోవు. మధుమేహంతో గాని, మణికట్టులో నరం నలగడంతో గాని వేళ్లు మొద్దుబారినవారికి సూది చక్కగా కనిపించినా చేతిలో నిలవదు. పని చేయబోయినప్పుడే వణికే చేతులకు మోచేతులు బల్లపై ఆన్చుకోవడం కొంత సాయం చేస్తుంది గాని, వణుకుకు కారణం వేరుగా వెతకాలి.

వైద్యుణ్ని అన్నిటికంటే జాగ్రత్తపడేలా చేసేది దీనికి విరుద్ధమైన కబురు. ఏళ్ల తరబడి మనవరాలితో దారం ఎక్కించుకుంటూ బొంతలు కుట్టిన ఒక వృద్ధురాలు, అద్దాల్లేకుండానే తనకు బెజ్జం కనిపిస్తోందని, చూపు తిరిగి వచ్చిందని సంతోషంగా చెప్పినప్పుడు, దూరపు చూపు మాత్రం మసకబారినట్టు పరీక్షలో తేలింది. కటకం మధ్యభాగం గట్టిపడి శుక్లంగా మారేటప్పుడు దాని వంపు శక్తి పెరిగి, కన్ను హ్రస్వదృష్టివైపు జరుగుతుంది, అంటే దగ్గరివి బాగా కనిపించి దూరపువి మసకబారుతాయి. ఆమెకు వచ్చిన చూపు శుక్లం మొదలైన గుర్తు. అది ముదిరేకొద్దీ ఆ దగ్గరి చూపు కూడా తగ్గిపోతుంది. ఆపరేషన్‌లో పెట్టే కృత్రిమ కటకాన్ని సాధారణంగా దూరపు చూపుకే అమరుస్తారు కనుక, ఆ తర్వాత సూదికి మళ్లీ అద్దాలు తప్పవు. ఈ సంగతి ముందుగా చెప్పకపోతే ఆపరేషన్ చెడిందని రోగి భావించే ప్రమాదముంది. కుట్టుపనితో బతికేవారికైతే కటకం శక్తిని నిర్ణయించకముందే వారు సూదిని ఎంత దూరంలో పట్టుకుంటారో అడిగి, కొలిచి రాసుకోవాలి.