టమాటా లెక్కలో చిక్కుముడి

మదనపల్లె టమాటా విపణి పేరుగన్నది. అచటి ధరల హెచ్చుతగ్గులను పటముగా గీయగోరు విద్యార్థి ఒకడు పుంగనూరులో ఉన్నాడనుకొందము. ఏ నెలలో నారు నాటవలెనో తలపోయు రైతునకు అట్టి పటము అక్కరకు రాగలదు.

ఇట్టి పనికి ‘ఆర్’ అను గణనభాష కలదు. న్యూజిలాండులోని ఆక్లండు విశ్వవిద్యాలయమున రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ దానిని రూపొందించిరి. దాని ప్యాకేజీలకు ‘క్రాన్’ అను భాండాగారము 1997లో ఏర్పడెను. కుప్పమున ద్రావిడ విశ్వవిద్యాలయము వెలసినదియు ఆ యేడే.

విద్యార్థి తన లినక్స్ యంత్రముపై ‘టైడీవర్స్’ను స్థాపింపబోవును. తెరపై అక్షరములు జలజల పారి, కడపట స్థాపన నెరవేరలేదను పంక్తి నిలుచును. పెక్కురు ఆ పంక్తినే పట్టుకొని మరల మరల అదే ఆజ్ఞ నిచ్చుచుందురు. శీల ఊడిన బండిని ఎంత అదిలించినను కదలునా? కడపటి పంక్తి ఫలితమే కాని కారణము కాదు. పైకి పోయి మొట్టమొదటి తప్పును చదువవలెను.

టైడీవర్స్‌కు ‘ఆర్‌వెస్ట్’ కావలెను. దానికి ‘ఎక్స్ఎమ్ఎల్2’ కావలెను. దానికో, ‘లిబ్ఎక్స్ఎమ్ఎల్2’ అను లైబ్రరీ కావలెను. ఇది ఆర్ ప్యాకేజీ కాదు. క్రాన్ దీనిని పంపదు. ఉబుంటు యంత్రమైనచో ‘లిబ్ఎక్స్ఎమ్ఎల్2-డెవ్’ అను పేర వేరుగా తెచ్చి పెట్టవలెను. వేరు లోపము లేనిచో, పిమ్మట ఆ మొదటి ఆజ్ఞయే పనిచేయును. ఆర్ మరీ పాతదైనచో మాత్రము ఈ ఉపాయము పారదు. కొన్ని క్రొత్త ప్యాకేజీలు పాత ఆర్‌ను అంగీకరింపవు. అప్పుడు ముందుగా దానినే మార్చవలెను.

ఇంత జరిగినను ధరల పట్టిక ఇంకను తెరువబడలేదు. గీయవలసిన పటము ముందే యున్నది.