ఎవల కోసం ఇడిసిపెట్టాలె?

మా వాడల క్రీస్తు మాట ఎత్తితే మొదట వచ్చేది పాపం గాదు, పరలోకం గాదు. కూర, డప్పు. ఏం తినాలె, ఏం తినొద్దు, ఎవరి ముందట కొట్టాలె, ఎవరి ముందట కొట్టొద్దు.

1889లో ఈ దేశానికొచ్చి నల్లగొండలో మిషన్ పెట్టిన అబ్రహాం ఫ్రీసెన్ రష్యా మెన్నోనైటు. 1899లో అమెరికా మెన్నోనైట్ బ్రదరెన్ మిషనరీలు హైదరాబాద్‌లో దిగిండ్రు. తర్వాత నాగర్‌కర్నూల్, వనపర్తి, దేవరకొండ, గద్వాలల్లో వాళ్ల కాంపౌండ్లు లేసినయి. దేవరకొండ దిక్కున్న మా ఊర్ల బాప్తిస్మానికి షరతులుండేటివి. సచ్చిన గొడ్డు కూర తినొద్దు. కల్లు తాగొద్దు. పోచమ్మ ముందట డప్పు కొట్టొద్దు. పోచమ్మకు కోసిన యాట కూర ముట్టొద్దు.

చదువుకున్న మావాళ్లు కొందరు ఈ షరతులను తప్పుపడతరు. తెల్లదొరలు మా సంస్కృతిని మా చేతులకెల్లి గుంజుకున్నరంటరు. అందులో నిజం లేకపోలేదు. కానీ మా తాతను అడిగితే ఇంకో తీరుగ చెప్పేటోడు. నైజాం కాలంల దొర గొడ్డు సస్తే ఈడ్చుకపోవాల్సింది ఆయనే. తోలు దొర మోట తొండానికి, దొర చెప్పులకు. కూర మాకు. దొర ఇంట్ల పెండ్లయితే డప్పు, పీనుగు లేస్తే డప్పు, ఊర్ల హుకుం చాటాలంటే డప్పు. కూలి లేదు, కల్లం కాడ దయతలిచి పోసిన గింజలే. క్రీస్తులో కలిసినంక ఒక ఆదివారం పొద్దుగాల గడి మనిషి వచ్చి పిలిస్తే తాత "నేను రాను" అన్నడు. ఆ యేడు కల్లం కాడ ఆయన గోనెల గింజ పడలేదు. అయినా ఆ "రాను" అన్న మాట చెప్పేటప్పుడు ముసలితనంల గూడ ఆయన మొకం వెలిగేది. ఇడిసిపెట్టుడే ఆయనకు స్వేచ్ఛ.

మా నాయినమ్మ సంగతి వేరు. ఆమె తోడబుట్టిన అక్కది మా వాడల్నే ఇల్లు. వాళ్లు క్రీస్తులో కలువలేదు. పోచమ్మ పండుగనాడు అక్క గిన్నెల కూర పంపేది. నాయినమ్మ తీసుకునేది, తినేది, మాకు పెట్టేది. సంఘ పెద్దలు పిలిచి అడిగితే, "యాటను జేసింది మన దేవుడే గదయ్యా. పోచమ్మ తిన్నదా ఏమన్నా? పెట్టింది మా అక్క. గిన్నె ఎనుకకు తోలితే ఆమె మొకం ఎట్ల జూడాలె?" అన్నదంట. ఆరు నెలలు ఆమెను బల్లకు దూరం పెట్టిండ్రు. మరుసటి యేడు గూడ గిన్నె వచ్చింది, ఆమె తీసుకున్నది.

పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రిక 8, 10 అధ్యాయాలను నేను డిగ్రీల ఉండంగ హాస్టల్ల కూసొని చదివిన. ఆ పట్నంల గుళ్లల్లో బలిచ్చిన మాంసం అంగట్లకు వచ్చేది. బీదోళ్లకు మాంసం దొరికేది ఎక్కువగ దేవతల పండుగలకే అని కొందరు పండితులు అంటరు. చదువుతుంటే కొరింథు ఎక్కడో గ్రీసుల లేదు, మా చెరువుకట్ట కింద ఉన్నదనిపించింది. పౌలు చెప్పేది ఇంత: విగ్రహం ఉట్టిదే. పిలిచినోని ఇంట్ల పెట్టింది అడగకుండ తిను. కానీ నీ పక్కన బలహీనుడొకడుండి, నిన్ను జూసి వాని మనసు విరిగేటట్టుంటే, వాని కోసం మానుకో.

నాయినమ్మకు చదువు రాదు. ఈ రెండో సగం గూడ ఆమెకు ఎరుకే. మహబూబ్‌నగర్ దిక్కు నుంచి ఒక ఆడబిడ్డ వచ్చి మా ఇంట్ల ఉన్నది, సంఘంల కలిసింది. చిన్ననాడే ఎల్లమ్మ పేర ఆమెను జోగినిని చేసిండ్రు. 1988లో ప్రభుత్వం ఈ ఆచారాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది గాని, చట్టం వస్తే ఒంట్లున్న భయం పోతదా? బోనాల సప్పుడు ఇంటే ఒణికేది. జాతర కూర వాసనకు కక్కుకునేది. ఆ యేడు పండుగకు ముందే నాయినమ్మ అక్క ఇంటికి నడిచిపోయి, "అక్కా, నీ చేతి కూర కాదనాల్నని గాదు. మా ఇంట్ల ఈ పిల్ల ఉన్నది" అన్నది. అక్కకు కోపం రాలేదు. పండుగ తెల్లారి అమ్మవారికి చూపకుండ ఒక కోడిని కోసి, వండి పంపింది. మా పిల్ల గూడ తిన్నది.

ఇక్కడే నాకొక పేచీ ఉన్నది. ఈ మాటనే పైనోళ్లు మా మీదికి తిప్పుతరు. పట్నంల ఒక సంఘంల ప్రేమవిందుకు మావోళ్లు పెద్దకూర వండుదామన్నరు. పెద్ద కులాలోళ్లు కొత్తగ వస్తున్నరు, వాళ్లకు అభ్యంతరమైతది, పౌలు మాట మరువకుండ్రి అని జవాబు. నలభై ఎకరాల ఆసామి బలహీనుడెట్ల అయితడు? 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రీస్తులో కలిసిన మేము ఎస్సీలం గాము, ఒక్క శాతం రిజర్వేషన్ ఉన్న బీసీ-సి. కానీ మేం ఎవరమో ఆ వచ్చేటోళ్లకు మంచిగ తెలుసు. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియాల విద్యార్థులు బీఫ్ ఫెస్టివల్ పెడితే, అక్కడ గూడ ఇతరుల మనోభావాలన్న మాటే ఎదురొచ్చి గొడవలయినయి. ఆ పొద్దు ఆ పిల్లలు తినుడే సరైంది. నన్ను మనిషిగ జూడనోని కోసం నా కూర నేను దాసుకుంటే దాన్ని ప్రేమ అనరు, వెట్టి అంటరు.

డప్పు సంగతి ఇంత సులువు గాదు. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిల దండోరా మొదలయినంక డప్పు మళ్ల మా భుజం మీదికి వచ్చింది, ఈసారి మా కోసమే. మా చిన్నాయిన కొడుకులు చర్చికి పోయే పోరగాళ్లే, అయినా కొట్టుడు నేర్చుకున్నరు. సంఘ పెద్దలు గునిసిండ్రు. నేను పోరగాళ్ల దిక్కే ఉంటి.

తాత సచ్చిపోయిన పొద్దు వాళ్లు డప్పులు కాపుకొని వచ్చిండ్రు, తాతను మర్యాదతోటి సాగదోలుదామని. అది వాళ్ల హక్కే. నాయినమ్మ కడప దాటి వచ్చింది. "బిడ్డా, మీరు మంచిగనే కొడతరు. గా సప్పుడు ఇంటే మీ తాతకు గడే యాదికొస్తుండె. గీ ఒక్క పొద్దు ఆయనను సప్పుడు లేకుంట పోనియ్యుండ్రి" అన్నది. పెద్దోడు ఏదో అనబోయి ఊకున్నడు. డప్పులు గోడకు ఆనిచ్చి పెట్టె కింద భుజం పెట్టిండ్రు. బొంద కాడ కీర్తన పాడినం. నాలుగొద్దులకు అవే డప్పులు ఏసుకొని దేవరకొండల మీటింగుకు పోయిండ్రు. నాయినమ్మే సద్ది కట్టి ఇచ్చింది.