గట్టు తెలిస్తే... రుచి తెలిసినట్టే!

బత్తాయి తోటలకు కొట్టే బోర్డో మిశ్రమం తెలుసుగా? ఆ మైలుతుత్తం, సున్నం మందు 1880ల్లో పుట్టింది ఫ్రాన్స్‌లోని బోర్డో ద్రాక్షతోటల్లోనే. ఆ ప్రాంతం రెడ్‌వైన్‌కూ పెట్టింది పేరు.

అక్కడి సీసాల మీద ద్రాక్ష రకం కన్నా ఊరి పేరే పెద్దగా కనిపిస్తుంది. కాబట్టి చూడాల్సింది ఏటి గట్టు! ఎడమ గట్టున మెడాక్‌... గులకరాళ్ల నేల. ఆలస్యంగా పండే, తోలు మందమైన కాబెర్నే సావిన్యోదే పైచేయి. నేరేడుపండులా నాలుకను పట్టేసే వగరు దానిది. కుడి గట్టున సెంతెమిలియోన్‌, పోమెరోల్‌... బంకమన్ను ఎక్కువ. త్వరగా పండే మెర్లో పాలు పెరిగి, వైన్‌ మెత్తగా ఉంటుంది.

రెండు రకాలూ కలిపేది రుచి కోసమే కాదు, రైతు ధీమా కోసం కూడా. ముందే చిగురించే మెర్లోను మంచు కాటేస్తే కాబెర్నే ఆదుకుంటుంది. కోతల వేళ వానలొచ్చి కాబెర్నే సరిగా పండకపోతే, అప్పటికే ఇల్లు చేరిన మెర్లో గట్టెక్కిస్తుంది. మన దగ్గర జొన్నలో కంది వేసినట్టే! అయినా ఒక్కోసారి ప్రకృతిదే గెలుపు. 2017 ఏప్రిల్‌లో కురిసిన మంచుకు రెండు గట్లా ఎన్నో తోటల చిగుళ్లు మాడిపోయాయి.

ఇక ఎంపిక మీదే. వగరు నచ్చేవారికి ఎడమ గట్టు. కారం తోడైతే వగరు ఇంకా గరుకుగా తోస్తుంది కాబట్టి, మన మసాలా కూరల పక్కనైతే... కుడి గట్టే మేలు!